న్యూనిజ్ మాటా, సూయెల్ మాటా? చరిత్ర వ్యాసాల్లో పుస్తకాల ఆధారాలు ఇవ్వడం గురించి

రాయచూరు_దారి
నమస్కారం అండీ. పీహెచ్‌డీ మూడో అధ్యాయం రాస్తున్నాను, కృష్ణదేవరాయలకూ బీజాపూర్ సుల్తానుకూ జరిగిన రాయచూరు యుద్ధం మీద. 16వ శతాబ్దపు పోర్చుగీసువాడు న్యూనిజ్ విజయనగరం గురించి రాసిన వృత్తాంతం లేకపోతే ఈ అధ్యాయం కదలదు. దాన్ని రాబర్ట్ సూయెల్ 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్'లోనే చదివాను, అదీ ఉచితంగా పాత పుస్తకాలు పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్ పాఠంలో. అందులో పుట సంఖ్యలు లేవు. మా లైబ్రరీలో ఒక పునర్ముద్రణ ఉంది గానీ ముందు పేజీలు ఊడిపోయాయి, ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో తెలియడం లేదు. పాత థీసిస్‌లు తిరగేస్తే ఒకరు "న్యూనిజ్, పు. ఇంత" అంటారు, ఇంకొకరు "సూయెల్ 1900" అంటారు, మరొకరు ఆయనేదో నిన్నమొన్న రాసినట్టు "సూయెల్ 1982" అంటారు. ఒకే వాక్యానికి ముగ్గురివీ మూడు పుటలు. నేను ఏం రాస్తే సరి?

పాతపుటలు
బాబూ, పుట సంఖ్య సంగతి తరవాత. ముందు నువ్వు ఎవరి మాట ఎత్తి చూపుతున్నావో తేల్చుకో. న్యూనిజ్ రాసింది పోర్చుగీసులో. ఆ రాతప్రతి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంటే డేవిడ్ లోపెజ్ 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. సూయెల్ దాన్ని ఇంగ్లిష్ చేసి, ఇంకో పోర్చుగీసువాడు డొమింగో పేస్ రాసినదానితో కలిపి 1900లో తన పుస్తకం వెనక భాగంలో చేర్చాడు. ముందు భాగమంతా సూయెల్ సొంతంగా రాసిన చరిత్ర. ఒకే అట్టల మధ్య ముగ్గురు మనుషులున్నారన్నమాట.

ఒట్టి "సూయెల్, పు. ఇంత" అని ఊరుకుంటే అది 16వ శతాబ్దపు పోర్చుగీసువాడి మాటో, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన దొర మాటో చదివేవాళ్లకు తెలియదు. ఒట్టి "న్యూనిజ్" అంటే నువ్వు పోర్చుగీసు చదివావని అర్థం. చదవలేదుగా? అందుకని ఇలా రాయి:

ఫెర్నావో న్యూనిజ్ వృత్తాంతం, అను. రాబర్ట్ సూయెల్, సూయెల్, 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్ (విజయనగర్)' (లండన్: స్వాన్ సోనెన్‌షైన్, 1900)లో, పు. __.

ఖాళీ నింపడానికి 1900 ముద్రణ స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. గుటెన్‌బర్గ్ పాఠంలో వెతుక్కో, స్కాన్‌లో ఆ వాక్యం పట్టుకో, పుట సంఖ్య అక్కడి నుంచి తీసుకో. ముందు పేజీలు ఊడిన కాపీ జోలికి పోకు. ఏ ముద్రణో ఊహించి రాస్తే నీ తరవాత వచ్చేవాడు ఆ ఊహను నిజమనుకుని ఎత్తి రాస్తాడు. నీకు దొరికిన మూడు రకాల పుటలూ అలా పుట్టినవే అయ్యుంటాయి.

కొత్తచిగురు
క్షమించాలి గానీ, ఇదంతా గుమాస్తా పని అనిపిస్తుంది నాకు. వాదన గట్టిగా ఉంటే కామా ఎక్కడ పెట్టాం, ఊరి పేరు ముందా వెనకా అని చూసేదెవరు? మన దగ్గర సగం మంది గైడ్‌లకు చికాగోకీ ఎమ్మెల్యేకీ తేడా తెలియదు. (ఎమ్మెల్యే అంటే మన ఎమ్మెల్యే కాదు, ఆధారాలు ఇవ్వడానికి ఆ ఇంగ్లిష్ సాహిత్యం వాళ్ల స్టైలు. చికాగో ఇంకో స్టైలు.)

శాసనపాఠి
కామాల వరకు మీతో ఒప్పుకుంటాను కొత్తచిగురు గారూ. కానీ పైన మాస్టారు చెప్పింది కామా సంగతి కాదు. ఈ రాయచూరు యుద్ధాన్నే తీసుకోండి. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా 1520 మే 19 అని ఉంటుంది. కింద ఫుట్‌నోట్‌లో చాలామంది "న్యూనిజ్" అని పెట్టేస్తారు. న్యూనిజ్ వృత్తాంతంలో ఉన్న సంవత్సరం 1522! అది కుదరదని, అమావాస్య, శనివారం లెక్కలు వేసి, ఇతర పోర్చుగీసు రచయితలు చెప్పినదాంతో సరిపోల్చి 1520 అని తేల్చినవాడు సూయెల్. ఆ తేల్చడం పుస్తకం ముందు భాగంలో ఉంది.

అంటే "1520" పక్కన న్యూనిజ్ పేరు పెడితే ఆయన అననిది ఆయన నోట్లో పెట్టినట్టే. అది సూయెల్ వాదన. రేపు ఎవరైనా ఆ వాదన తప్పని చూపిస్తే కూలేది సూయెల్ లెక్క, న్యూనిజ్ సాక్ష్యం కాదు. ఎవరు చూసి చెప్పారు, ఎవరు లెక్క కట్టి చెప్పారు అన్నది విడదీయడమే కదా మన పని! అది ఫుట్‌నోట్‌లో కలిసిపోతే పైన వాదన ఎంత గట్టిదైనా దేని మీద నిలబడుతుంది?

కొత్తచిగురు
1522 సంగతి నిజంగా తెలియదు. సరే, వింటున్నాను.

రాయచూరు_దారి
మాస్టారూ, శాసనపాఠి గారూ, చాలా థాంక్స్. అంటే తేదీకి ఒక ఫుట్‌నోట్, యుద్ధ వర్ణనకు వేరే ఫుట్‌నోట్ ఇవ్వాలన్నమాట. ఇన్నాళ్లూ పేరా చివర ఒకటే పెడుతున్నాను.

శాసనపాఠి
పేరా చివర ఒకటే పెట్టినా ఫరవాలేదు, అందులోనే ఏది ఎక్కడిదో విడివిడిగా చెబితే. "తేదీకి సూయెల్ పు. ఇంత, యుద్ధ వర్ణనకు న్యూనిజ్, అదే పుస్తకంలో పు. ఇంత" అని రెండు ముక్కలు చాలు.

ఓరుగల్లు_రమ
చర్చ బాగుంది, నాదీ ఒక సందేహం. నా పని కాకతీయుల వర్తకం మీద. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం వాడుకోవాలి. కొందరు ఊరికే "మోటుపల్లి శాసనం" అని రాస్తారు, కొందరు పరబ్రహ్మశాస్త్రి గారి పుస్తకం ఇస్తారు, కొందరు శాసనాలు అచ్చేసే ఎపిగ్రాఫియా ఇండికా అంటారు. శాసనానికి ఆధారం పుస్తకంలా ఇవ్వాలా, రాయిలా ఇవ్వాలా?

శాసనపాఠి
మేడమ్, "మోటుపల్లి శాసనం" అని ఊరుకుంటే చిక్కే. ఆ ఊళ్లో గణపతిదేవుడు 1244-45లో ఓడ వర్తకులకు ఇచ్చిన అభయశాసనం ఉంది, తరవాత నూరేళ్లు దాటాక 1358లో కొండవీటి అనపోతారెడ్డి వేయించినదీ ఉంది. రెండూ వర్తకుల గురించే! పాలకుడి పేరు, సంవత్సరం చెప్పకపోతే మీ పాఠకుడు ఏ రాయి దగ్గరికి వెళ్లాలి?

గణపతిదేవుడిది హుల్ష్ పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ప్రచురించాడు. పరిష్కర్త పేరు, వ్యాసం శీర్షిక, సంపుటి, సంవత్సరాలు, పుటలు ఇవ్వండి. అక్కడి నుంచి తీసుకుంటే అదే చాలు. పరబ్రహ్మశాస్త్రి గారి 'ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్' (హైదరాబాద్, 1978)లో ఆయన చేసిన వ్యాఖ్యానం వాడుకుంటే అప్పుడు ఆయన పేరు. శాసన పాఠానికి ఆయన్ని ఆధారం చేయకండి.

సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాలకు పద్ధతి వేరు. 10వ సంపుటం, మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలు, 1948 - మనవాళ్లు ఎక్కువ వాడేది అదే. అందులో పుట కన్నా శాసన సంఖ్య ముఖ్యం. "సౌ.ఇం.ఇ., 10, సం. ఇంత" అంటే చాలు, ప్రపంచంలో ఎక్కడి వాళ్లయినా నేరుగా వెళ్తారు. ఒకే పుటలో రెండు మూడు శాసనాలుంటాయి కనక పుట ఒక్కటే ఇస్తే లాభం లేదు. వార్షిక నివేదికల సంఖ్యతో దీన్ని కలపకండి. "ఫలానా సంవత్సరపు ఇన్నో నంబరు" అంటే అది నకలు తీసిన ఏటి వరస, సంపుటంలో సంఖ్య కాదు. ఈ రెంటినీ తారుమారు చేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకొకటి. శక సంవత్సరం ఉండి నెల తెలియకపోతే 78 కలిపి ఒకే సంవత్సరం రాసేయకండి. శక 1166 అంటే 1244-45. ఆ అడ్డగీత మన అజ్ఞానానికి గుర్తు కాదు, నిజాయితీకి గుర్తు.

డెట్రాయిట్_మాధవి
ఇక్కడ ఒక యూనివర్సిటీలో అండర్‌గ్రాడ్ పిల్లలకు చరిత్ర చెప్తాను, అందుకని చికాగో గురించి నాలుగు మాటలు. చరిత్రవాళ్లు వాడేది అందులో నోట్స్-బిబ్లియోగ్రఫీ పద్ధతి. మొదటిసారి పూర్తి వివరం, తరవాత పొట్టి రూపం. ఉదాహరణకు మొదట: సింథియా టాల్బట్, 'ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్: సొసైటీ, రీజియన్, అండ్ ఐడెంటిటీ ఇన్ మెడీవల్ ఆంధ్ర' (న్యూయార్క్: ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, 2001), పుట. రెండోసారి నుంచి: టాల్బట్, 'ప్రీకలోనియల్ ఇండియా', పుట. అంతే.

2024లో వచ్చిన 18వ కూర్పు ప్రకారం పుస్తకం అచ్చయిన ఊరి పేరు ఇక తప్పనిసరి కాదు. కానీ ఇండియాలో పత్రికలు, యూనివర్సిటీలు ఇంకా అడుగుతున్నాయి. పాత పుస్తకాలకు ఊరు ఉండటమే మేలని నేనూ అంటాను. 1897 అన్నప్పుడు పక్కన లిస్బన్ అని ఉంటేనే ఆ పుస్తకం ఏమిటో తెలుస్తుంది.

మీ థీసిస్‌లలో "పైదే", "పూర్వోక్తం" ఎడాపెడా కనిపిస్తాయి. 2017 నాటి 17వ కూర్పు నుంచే చికాగోవాళ్లు ఐబిడ్ (అదే మన "పైదే") వద్దు, పొట్టి రూపం వాడండి అంటున్నారు. ఫ్యాషన్ కోసం కాదు. మీరు 14వ నోట్ సూయెల్, 15వ నోట్ "పైదే" అని రాసుకున్నారనుకోండి. గైడ్ చెప్పారని మధ్యలో టాల్బట్ నోట్ ఒకటి చేరుస్తారు. సూయెల్ మాట కాస్తా టాల్బట్ ఖాతాలో పడుతుంది, కంప్యూటర్ ఒక్క ముక్క చెప్పదు.

పాతపుటలు
మాధవమ్మ చెప్పింది అక్షరాలా నిజం. "పూర్వోక్తం" మరీ ఘోరం. ఏ పూర్వం? నలభై పుటలు వెనక్కి తిప్పాలి.

చీరాల_ఉష
పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రంథసూచిలో మల్లంపల్లి సోమశేఖర శర్మ గారిని ఎక్కడ పెట్టాలి? మ దగ్గరా, స దగ్గరా, శ దగ్గరా? నా చాప్టర్ ఇంగ్లిష్‌లో, పుస్తకాలు రెండు భాషల్లోనూ ఉన్నాయి.

డెట్రాయిట్_మాధవి
ఉష గారూ, ఇది నిజంగా తలనొప్పే. ఇంగ్లిష్ కేటలాగుల్లో "సోమశేఖర శర్మ, మల్లంపల్లి" అనే ఉంటుంది, వెల్చేరు గారు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో "నారాయణరావు, వెల్చేరు". కొందరు ఇక్కడ "రావు, వెల్చేరు నారాయణ" అని కూడా వేస్తారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లిష్ వ్యాసమైతే కేటలాగు పద్ధతి పాటించండి, పాఠకులు వెతికేది అక్కడే కదా.

పాతపుటలు
నేను ఒప్పుకోను. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది, అకారాది వరస దానితోనే నడవాలి. మల్లంపల్లి అంటే మల్లంపల్లే. చివరి ముక్క పట్టుకుని పోతే పరబ్రహ్మశాస్త్రి గారు, నీలకంఠశాస్త్రి గారు, ఇంకో పదిమంది శాస్త్రులు ఒకే ఇంటివాళ్లలా "శ" కింద వరసగా కూర్చుంటారు. నీలకంఠశాస్త్రి గారు తమిళదేశంలో పుట్టినవారు, ఆయన ముందున్నవి ఊరి పేరు, తండ్రి పేరు పొడి అక్షరాలు. ఆయనకు ఇంటిపేరు అన్న లెక్కే వర్తించదు. అయినా ఒకే థీసిస్‌లో ఆయన ఒకసారి "న" కింద, ఒకసారి "శ" కింద ఇద్దరు మనుషులైపోయి కనిపించారు నాకు.

చీరాల_ఉష
మీ ఇద్దరూ చెప్పింది బాగుంది, కానీ నేను శుక్రవారం ఇవ్వాలి :)

డెట్రాయిట్_మాధవి
ఏదో ఒకటి పట్టుకుని, సూచి మొదట్లో "తెలుగువారి పేర్లు ఇంటిపేరుతో వరసగా ఇచ్చాం" అని ఒక వాక్యం రాసేయండి. మాస్టారి పద్ధతికి నేను అడ్డం రాను, ఏదైనా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే చాలు. ఆధారాలు వరస పెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే పేరును రెండు గడులు కాకుండా ఒకే గడిగా మార్చుకునే బొత్తాం ఉంది, అది నొక్కండి. అప్పుడది పేరును తిరగేయదు, కామా పెట్టదు.

కొత్తచిగురు
జొటెరో పుస్తకాల పేర్లను వాల్చి (ఇటాలిక్స్‌లో) ఇస్తుంది కదా. తెలుగు అక్షరాలు వాలితే తలకట్లు గాలికి ఎగిరిపోతున్నట్టు ఉన్నాయి. ఏం చేస్తున్నారు మీరంతా?

శాసనపాఠి
వాల్చకండి. తెలుగు అచ్చులో ఆ అలవాటు లేదు. ఒంటి కోట్లు (కొటేషన్ గుర్తులు) పెట్టండి, లేదా కాస్త ముద్దక్షరాలు. తెలుగు పుస్తకాలకు ఒకటి, ఇంగ్లిష్ పుస్తకాలకు ఒకటి వాడినా ఎవరూ ఏమనరు.

చీరాల_ఉష
పునర్ముద్రణల సంగతి కూడా ఎవరైనా చెబుతారా? 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' నా దగ్గరున్నది ఈమధ్య వేసినది. సురవరం 2010లలో రాసినట్టు కనిపిస్తుంది నా సూచిలో.

పాతపుటలు
రెండు సంవత్సరాలూ ఇవ్వమ్మా. "1949, పునర్ముద్రణ, నీ దగ్గరున్న ప్రచురణకర్త, సంవత్సరం", ఆ తరవాత పుట నీ కాపీది. మొదటి సంవత్సరం ఎందుకంటే, అది హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలిసిన మరుసటేడు వచ్చిన పుస్తకం. అది మరిచిపోయి చదివితే అందులో ఆవేశం సగం అర్థం కాదు. రెండో సంవత్సరం ఎందుకంటే, దాన్ని చాలామంది చాలాసార్లు అచ్చేశారు, ఒక్కో కూర్పులో పుటలు ఒక్కో రకంగా ఉంటాయి.

థర్‌స్టన్ 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్' ఏడు సంపుటాలు 1909 నాటివి. దాన్ని ఢిల్లీ పునర్ముద్రణ సంవత్సరంతో "థర్‌స్టన్ 1987" అని రాసి, దాని మీద "ఇటీవలి అధ్యయనాల ప్రకారం" అని మొదలుపెట్టిన వ్యాసం నేను చదివాను. వలస పాలన నాటి జాతి కొలతల పిచ్చి కాస్తా ఇటీవలి అధ్యయనం అయిపోయింది!

ఓరుగల్లు_రమ
హహ. ఒక్క భయం మాత్రం ఉంది. ఎక్కువ ఉటంకిస్తే కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పోలిక శాతం పెరుగుతుందని మా దగ్గర అందరూ కోట్లు తీసేసి మాటలు మార్చి రాస్తున్నారు. పది శాతం దాటితే పని అయిపోయినట్టేనని.

డెట్రాయిట్_మాధవి
యూజీసీ 2018 నిబంధనలు ఒకసారి తెరిచి చూడండి. పది శాతం వరకు శిక్ష లేదన్నది నిజమే. కానీ ఆధారం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట ఈ లెక్కలోకి రావని అందులోనే ఉంది. కోట్లు తీసేసి మాటలు మార్చడమే అసలు ప్రమాదం. శాసనం మాటనో న్యూనిజ్ మాటనో మీ మాటల్లో కలిపేస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు, వైవాలో కూర్చున్న పెద్దమనిషి పట్టుకుంటాడు.

కొత్తచిగురు
ఇంకో మాట. ఏఐని అడిగితే గ్రంథసూచి చక్కగా వరస పెట్టి ఇస్తోంది. ఎవరైనా వాడారా?

శాసనపాఠి
మీరు ఇచ్చిన వివరాలను వరస పెట్టమంటే పెట్టించుకోండి, తరవాత కంటితో సరిచూసుకోండి. వివరాలే ఇమ్మని మాత్రం అడగొద్దు. ఒక సెమినార్ పత్రంలో అలాంటి ఫుట్‌నోట్ వచ్చింది నా చేతికి. రచయిత నిజం, పత్రిక నిజం, సంపుటి కూడా ఉంది, ఆ వ్యాసం మాత్రం లేదు. ఆ సంపుటి తీసి విషయసూచిక చూస్తే ఆ పుటల్లో గుప్తుల నాణేల మీద ఇంకెవరిదో వ్యాసం ఉంది. పత్రం రాసిన పిల్లవాడికి అసలు పుస్తకం తెరవాలని తోచలేదు.

కడప_కైఫియత్
ఆలస్యంగా వచ్చాను. కైఫియత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, వాడేవాళ్లకు ఒక మనవి. "మెకంజీ కైఫియత్తులు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మెకంజీ 1821లో పోయాడు. ఆయన మనుషులు ఊరూరా రాయించుకొచ్చినవి ఒక పొర. తరవాత బ్రౌన్ రాయించిన నకళ్లు ఇంకో పొర. ఇప్పుడు కడప సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చు వేసిన సంపుటాలు మూడోది. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో రాతప్రతి చూసి ఉంటే దాని సంఖ్య ఇవ్వండి, అచ్చు సంపుటం చదివి ఉంటే అది ఇవ్వండి, రెండు సందర్భాల్లోనూ ఊరి పేరు తప్పకుండా. ఊరి పేరు లేకుండా పుట సంఖ్య ఇస్తే ఆ కైఫియత్తు ఎవరిదో తెలియదు. మెకంజీ సేకరణకు విల్సన్ వేసిన 1828 కేటలాగును ఉటంకించి కైఫియత్తు చదివినట్టు రాసేవాళ్లూ ఉన్నారు. అందులో ఉన్నది జాబితా, సంగ్రహం, అంతే.

రాయచూరు_దారి
అందరికీ రుణపడ్డాను. స్కాన్ తెరిచి మొత్తం సరిచూశాను. నా మొదటి మూడు నోట్లు ఇలా మార్చాను, చూసి చెప్పండి. పుటలు ఇక్కడ వేయలేదు.

1. తేదీ నిర్ణయం సూయెల్‌ది: రాబర్ట్ సూయెల్, 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్ (విజయనగర్)' (లండన్: స్వాన్ సోనెన్‌షైన్, 1900), పు. న్యూనిజ్ వృత్తాంతంలో సంవత్సరం 1522.
2. న్యూనిజ్ వృత్తాంతం, అను. సూయెల్, 'ఫర్గాటెన్ ఎంపైర్', పు.
3. నీలకంఠశాస్త్రి, వెంకటరమణయ్య, 'ఫర్దర్ సోర్సెస్ ఆఫ్ విజయనగర హిస్టరీ' (మద్రాసు: మద్రాసు విశ్వవిద్యాలయం, 1946), పు.

పాతపుటలు
మొదటి రెండూ బాగున్నాయి. మూడో దాంట్లో సంపుటి ఏదీ? అది మూడు సంపుటాల పుస్తకం. పుట సంఖ్య ముందు సంపుటి సంఖ్య లేకపోతే చదివేవాడు మూడూ తిప్పాలి. నువ్వు వాడింది మూలపాఠమా, అనువాదమా, పీఠికా? అదీ చూసుకో, అవి వేరు వేరు సంపుటాల్లో ఉన్నాయి.

రాయచూరు_దారి
అనువాదాల సంపుటం మాస్టారూ. సంపుటి సంఖ్య, మూలగ్రంథం పేరు కూడా చేరుస్తున్నాను.

ఓరుగల్లు_రమ
నిజాం కాలపు ఫర్మానాలు, మద్రాసు జీవోలు ఎలా ఇవ్వాలో కూడా ఎవరైనా చెబితే బాగుండు.

కడప_కైఫియత్
జీవోకైతే శాఖ, సంఖ్య, తేదీ, ఆ కాగితం ఇప్పుడున్న ఆర్కైవ్స్ పేరు, ఈ నాలుగూ ఉండాలి. ఫర్మానాల సంగతి పెద్దది, ఉర్దూ, ఫార్సీ తేదీలు మార్చుకోవడం దగ్గరే ఒక రోజు పడుతుంది. దానికి వేరే చర్చ తెరవండి రమ గారూ, తార్నాక ఆర్కైవ్స్‌లో పనిచేసిన మిత్రుడిని పిలుస్తాను.